హేస్ స్టేషన్‌లో రైళ్ళ చప్పుడు: వీడియో గేమ్ పరిశ్రమ, ఉద్వాసనలు

1935లో లండన్ పశ్చిమ శివారున ఉన్న హేస్ రైల్వే స్టేషన్‌ని ఒక కెమెరా కొద్ది నిమిషాలపాటు చిత్రించింది. కథ లేదు, నటులు లేరు. రైళ్ళు వస్తాయి, పోతాయి. ఆ చిత్రంలో చూడవలసినదానికంటే వినవలసినదే ఎక్కువ. ఆవిరి ఇంజను తెర మీద ఒక వైపునుంచి మరో వైపుకు కదులుతుంటే, దాని చప్పుడు కూడా దానితోపాటే కదులుతుంది. ఈఎంఐ సంస్థలో ఇంజనీరు ఆలన్ బ్లమ్‌లైన్ 1931 డిసెంబరులో పేటెంటుకు దరఖాస్తు చేసిన స్టీరియో పద్ధతిని నిరూపించడానికి తీసిన పరీక్షా చిత్రాల్లో ఇది ఒకటి. స్టీరియో రికార్డులు బజారులోకి రావడానికి ఆ తరువాత ఇంకా రెండు దశాబ్దాలు పట్టింది. బ్లమ్‌లైన్ వాటిని చూడలేదు. 1942లో, రాడార్ పరీక్షకు బయలుదేరిన విమానం కూలి, ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో మరణించాడు.

వీడియో గేమ్ పరిశ్రమలో ఉద్యోగాల తొలగింపుల గురించి రాయబోతూ ఈ రైళ్ళ దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఆ పరిశ్రమకు అవసరమైన ఒక విద్య హేస్‌లో పుట్టి, కోట్లమంది చెవులకు చేరి, హేస్‌నుంచి మాయమైంది. ఈ రోజు జరుగుతున్నది ఏమిటో అర్థం చేసుకోవడానికి ఆ పాత కథ చాలా అక్కరకు వస్తుంది.

హేస్ అన్న పేరు తెలియకపోయినా, ఆ ఊరి సరుకు మన ఇళ్ళలోకి వచ్చింది. గ్రామఫోన్ ముందు కూర్చున్న కుక్క బొమ్మ, హెచ్.ఎం.వి. అన్న మూడక్షరాలు ఉన్న రికార్డుల మాతృసంస్థ ఫ్యాక్టరీ ఇక్కడిదే. 1907లో దానికి శంకుస్థాపన చేసినది నెల్లీ మెల్బా అనే ఆస్ట్రేలియా గాయని. ఉచ్ఛస్థితిలో ఈ ఆవరణలో ఇరవై వేలమందికి పైగా పనిచేసేవారని చెబుతారు. ఫ్యాక్టరీని ఆనుకొని ఉన్న పరిశోధనాలయాల్లోనే గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ సి.టి. స్కానర్‌ని కనిపెట్టాడు. 1971 అక్టోబరులో మొదటి రోగి మెదడును ఆ యంత్రం చిత్రించింది. 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సంవత్సరమే ఈఎంఐ, స్కానర్ వ్యాపారంలో వచ్చిన నష్టాలతో కుదేలై, థార్న్ అనే విద్యుత్‌పరికరాల సంస్థ చేతిలోకి పోయింది. కనిపెట్టినవారికి కీర్తి, అమ్ముకున్నవారికి లాభం, పనిచేసినవారికి ఉద్వాసన అనే వరస ఈ ఊరికి అప్పటికే అలవాటు.

1991లో థార్న్ ఈఎంఐ కేంద్ర పరిశోధనాలయంలో సెన్సారా అనే పరిశోధన మొదలయింది. కళ్ళు మూసుకొని కూర్చున్నా కోయిల ఏ కొమ్మ మీదనుంచి కూస్తున్నదో మనం చూపించగలం. ఉన్నవి రెండే చెవులు. మరి పైనా, కిందా, వెనకా అన్నది ఎలా తెలుస్తుంది? కుడివైపునుంచి వచ్చిన శబ్దం ఎడమ చెవికి కొంచెం ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యోవంతుకు లోపే. తల అడ్డు రావడంవల్ల శబ్దం కొంత తగ్గుతుంది కూడా. ఈ రెండింటితో కుడి ఎడమలు తేలతాయి. పైనా కిందా, ముందూ వెనకా తేల్చేది మాత్రం చెవి డొప్ప. దాని మెలికలు, గుంటలు ఒక్కొక్క దిక్కునుంచి వచ్చే శబ్దంలో ఒక్కొక్క పౌనఃపున్యాన్ని పెంచుతాయి, తగ్గిస్తాయి. ఈ మార్పులను కృత్రిమమైన తలబొమ్మ చెవుల్లో మైకులు పెట్టి కొలిచి, గణితంగా మార్చి, ఏ శబ్దానికైనా పూయవచ్చు. అప్పుడు మామూలు హెడ్‌ఫోనుల్లోనే వెనకనుంచి అడుగుల చప్పుడు వినిపిస్తుంది. బ్లమ్‌లైన్ రైలు అడ్డంగా కదిలింది. ఈ పద్ధతిలో అది తల చుట్టూ తిరుగుతుంది.

సినిమాలో శబ్దం ఎటునుంచి రావాలో ముందే తెలుసు. ఆటలో తెలియదు. ఆడేవాడు ఎటు తిరిగితే అటు, అప్పటికప్పుడు లెక్క కట్టాలి. అందువల్ల ఈ విద్యకు నిజమైన గిరాకీ వీడియో గేమ్‌ల నుంచి వచ్చింది. 1990ల చివరికి పి.సి. సౌండ్ చిప్‌లు తయారుచేసే ప్రధాన సంస్థలు సెన్సారా పద్ధతిని లైసెన్సు తీసుకున్నాయి. 2001లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన మొదటి ఎక్స్‌బాక్స్‌లో త్రిపరిమాణ శబ్దం ఈ పద్ధతిదే. ఆ యంత్రాలు సుమారు 2.4 కోట్లు అమ్ముడుపోయాయి. అదే సంవత్సరం బ్రిటన్ రాయల్ అకాడమీ ఆఫ్ ఇంజనీరింగ్ ఇచ్చే మెక్‌రాబర్ట్ పురస్కారం సెన్సారాకి దక్కింది.

రెండేళ్ళు తిరగకుండానే మాతృసంస్థ సైఫర్ ఆర్థికంగా చితికిపోయింది. 2003 చివరలో సెన్సారాను సింగపూరు సంస్థ క్రియేటివ్ టెక్నాలజీ కొనుక్కుంది. అంతకు మూడేళ్ళ ముందే ఈ రంగంలో మరొక పోటీదారైన ఆరియల్ ఆస్తులను కూడా క్రియేటివే కొన్నది. ఆరియల్ కథ ఇంకా విచిత్రం. క్రియేటివ్ వేసిన పేటెంటు దావాలో గెలిచి, ఆ దావా ఖర్చులు తట్టుకోలేక దివాళా తీసింది. ఇద్దరు పోటీదారులూ ఒకే గూటికి చేరిన తరువాత, 2007లో వచ్చిన విండోస్ విస్టా, శబ్దాన్ని సౌండ్ కార్డు మీద లెక్కకట్టే పాత దారిని మూసివేసింది. ప్రత్యేకంగా సౌండ్ కార్డు కొనవలసిన అవసరం చాలామందికి లేకుండాపోయింది. సెన్సారా అన్న పేరు బజారునుంచి తొలగిపోయింది. ఎవరూ చెడ్డ పని చేయలేదు. ఆటలు అమ్ముడుపోవడమూ మానలేదు.

ఈ చివరి మాట దగ్గర కొంచెం ఆగాలి. ప్రస్తుత సంక్షోభం గురించి విన్నప్పుడు సహజంగా కలిగే అనుమానం, జనం ఆడడం మానేశారేమో అని. ప్రపంచవ్యాప్తంగా ఆటల వార్షిక ఆదాయం 2024లో సుమారు 18,000 కోట్ల డాలర్లు. అది పడిపోలేదు, 2020-21 తరువాత పెద్దగా పెరగలేదు, అంతే. అయినా ఒక స్వతంత్ర లెక్క ప్రకారం 2023లో సుమారు 10,500 మంది, 2024లో 14,000 మందికి పైగా ఈ పరిశ్రమలో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 2024 జనవరిలో యూనిటీ 1,800 మందిని, మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ విభాగంలో 1,900 మందిని తొలగిస్తున్నట్లు ప్రకటించాయి. ఆక్టివిజన్ బ్లిజార్డ్ కొనుగోలు పూర్తయి మైక్రోసాఫ్ట్‌కి అప్పటికి మూడు నెలలు. ఫిబ్రవరిలో సోనీ 900 మందిని తొలగిస్తూ, తన లండన్ స్టూడియోని పూర్తిగా మూసివేస్తున్నట్లు చెప్పింది. ఐటాయ్, సింగ్‌స్టార్ ఆటలు తయారుచేసిన ఆ స్టూడియో సోహోలో ఉండేది. హేస్‌లో ఎలిజబెత్ లైన్ రైలు ఎక్కితే అరగంటలోపు ప్రయాణం.

కారణాల్లో మొదటిది, చవక డబ్బు. కోవిడ్ కాలంలో ఇళ్ళలో ఉన్నవారు విపరీతంగా ఆడారు. అదే సమయంలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ రేటు 0.1 శాతం. ఆ గిరాకీ శాశ్వతమని నమ్మి సంస్థలు మనుషులను చేర్చుకున్నాయి, స్టూడియోలను కొన్నాయి. స్వీడన్‌కు చెందిన ఎంబ్రేసర్ గ్రూప్ పదులకొద్దీ స్టూడియోలను పోగుచేసింది. 2023 మేలో రెండు వందల కోట్ల డాలర్ల ఒప్పందం ఒకటి చివరి నిమిషంలో తప్పిపోవడంతో ఆ కట్టడం కూలడం మొదలయింది. అమెరికాలో వొలిషన్, ఇంగ్లండ్‌లో నాటింగ్‌హమ్‌లోని ఫ్రీ రాడికల్ ఆ సంవత్సరమే మూతపడ్డాయి. వాటిలో పనిచేసినవారికి ఆ ఒప్పందంతో ఏ సంబంధమూ లేదు. 2023 ఆగస్టుకి బ్రిటన్‌లో వడ్డీ 5.25 శాతానికి చేరింది.

రెండవది, ఖర్చుల లెక్క. ఆక్టివిజన్ కొనుగోలును విచారించిన బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ, పెద్ద ఆటల తయారీ వ్యయం 20 కోట్ల డాలర్లు దాటిపోతున్నదని తన నివేదికలో నమోదుచేసింది. ఒక ఆట ధర 70 డాలర్లు అనుకుందాం. ఆన్‌లైన్ దుకాణం 30 శాతం తీసుకుంటే మిగిలేది 49 డాలర్లు. కేవలం తయారీ ఖర్చు తిరిగి రావడానికే దాదాపు 41 లక్షలమంది పూర్తి ధరకు కొనాలి. ప్రచారం ఖర్చు వేరు, పన్నులు వేరు, పండగ రాయితీలు వేరు. 2005 ప్రాంతంలో స్థిరపడిన 60 డాలర్ల ధర 70కి చేరడానికి పదిహేనేళ్ళు పట్టింది. ఖర్చు మాత్రం అలా ఆగలేదు. 2024 ఆగస్టు 23న సోనీ విడుదల చేసిన కాంకార్డ్ అనే ఆటను కొనేవారు లేక సెప్టెంబరు 6న వెనక్కి తీసుకున్నారు. కొన్ని వారాలకు దానిని తయారుచేసిన స్టూడియోనే మూసేశారు. కొన్నేళ్ళ శ్రమ ఫలితం రెండు వారాల్లో తేలిపోయింది.

దీనికి తోడు, కొత్త ఆట పోటీపడవలసింది మరో కొత్త ఆటతో కాదు. ఫోర్ట్‌నైట్ 2017 నాటిది, రోబ్లాక్స్ ఇంకా పాతది. పి.సి., కన్సోళ్ళ మీద జనం గడిపే కాలంలో అరవై శాతం ఆరేళ్ళు దాటిన ఆటలకే పోతున్నదని 2023 లెక్కలు చెప్పాయి. రోజుకి గంటలు అవే.

మూడవది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, ఎక్కువమంది పట్టించుకోనిది. ఆట తయారీకి సినిమా స్వభావం ఉంది. ఉద్యోగాలకు మాత్రం సాఫ్ట్‌వేర్ సంస్థ స్వభావం ఉంది. మన సినిమావాళ్ళు చిత్రీకరణ పూర్తయిన రోజున గుమ్మడికాయ కొడతారు. ఇరవైనాలుగు శాఖలవారికీ ఆ రోజు వస్తుందని మొదటినుంచీ తెలుసు. కొట్టకముందే తరువాతి సినిమా చూసుకుంటారు. ఆట తయారీలో కూడా మొదట ఇరవై ముప్ఫైమంది ఆలోచన చేస్తారు; మధ్యలో వందలమంది కావాలి; విడుదల తరువాత కొందరే చాలు. కాని వారందరినీ పర్మనెంటు ఉద్యోగులన్న పేరుతో తీసుకుంటారు. రెండవ ఆట మొదటిదాని వెనకే సిద్ధంగా ఉంటే సరే. లేకపోతే గుమ్మడికాయ పగులుతుంది, ముందుగా చెప్పకుండా. కృత్రిమ మేధ ఉద్యోగాలు తినేసిందని ఇప్పుడు తరచుగా వినిపిస్తున్నది. బొమ్మలు గీసేవారికీ, గొంతు అరువిచ్చేవారికీ ఆ భయం నిజమే. కాని 2023-24లో పోయిన ఉద్యోగాలకు వడ్డీ, ఈ గుమ్మడికాయ లెక్క, రెండూ చాలినంత సమాధానం చెబుతాయి.

ఈ గొలుసుకు మన వైపు కొస కూడా ఉంది. పాశ్చాత్య స్టూడియోలు పాత్రల దుస్తులు, ఆయుధాలు, చెట్లు, గోడలు గీసే పనిని చాలాకాలంగా భారతదేశానికి పంపుతున్నాయి. బెంగుళూరులోని ధ్రువ ఇంటరాక్టివ్ ఇందులో తొలితరం సంస్థ. 2019లో దాన్ని రాక్‌స్టార్ కొనుక్కుంది. హైదరాబాదులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కి పెద్ద కార్యాలయం ఉంది. అక్కడి స్టూడియోలో ఒక ఆట రద్దయితే ఇక్కడి బృందానికి రావలసిన పని ఆగిపోతుంది. అది ఉద్వాసన లెక్కల్లోకి రాదు. 2025 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ సంస్థ టెక్నికలర్ కుప్పకూలినప్పుడు మాత్రం దాచడానికి వీలులేకపోయింది. బెంగుళూరు, ముంబయిలలో దృశ్య ప్రభావాలు, యానిమేషన్, ఆటల పనిచేస్తున్న వేలమంది జీతాలకు పారిస్‌లో దారి మూసుకుపోయింది.

బ్రిటన్‌లో ఉద్యోగం చేస్తున్న మనవారికి ఇది మరింత సూటిగా తగులుతుంది. ఇక్కడి చట్టం ప్రకారం తొంభై రోజుల్లో ఇరవైమందిని గాని, అంతకంటే ఎక్కువమందిని గాని తొలగించదలచిన సంస్థ, మొదటి తొలగింపుకు కనీసం 30 రోజుల ముందు, ఆ సంఖ్య వంద గాని, అంతకంటే ఎక్కువ గాని అయితే 45 రోజుల ముందు, ఉద్యోగుల ప్రతినిధులతో సంప్రదింపులు మొదలుపెట్టాలి. రెండేళ్ళ సర్వీసు నిండినవారికి చట్టప్రకారం రిడండెన్సీ పరిహారం ఉంటుంది. ఉద్యోగి చేతిలో ఉన్నది స్కిల్డ్ వర్కర్ వీసా అయితే రెండో గడియారం కూడా నడుస్తుంది. ఉద్యోగం ముగిసిన సంగతిని సంస్థ హోమ్ ఆఫీసుకు తెలియజేస్తుంది. హోమ్ ఆఫీసు సాధారణంగా వీసా గడువును 60 రోజులకు కుదిస్తుంది. ఆలోపు స్పాన్సరు చేసే మరో సంస్థ దొరకాలి. 2024 ఏప్రిల్‌కు ముందు 26,200 పౌండ్లు ఉన్న సాధారణ కనీస జీతం, అప్పుడు 38,700కి, 2025 జూలైలో 41,700కి పెరిగింది. ముందునుంచీ ఈ వీసా మీద ఉన్నవారికి కొంత వెసులుబాటు ఉన్నా, కొత్తగా చేరే టెస్టర్‌కో, జూనియర్ ఆర్టిస్టుకో ఆ జీతం ఇచ్చే స్టూడియోలు అరుదు. తొలగింపులు ప్రకటించినప్పుడు ముందుగా తెగేది కూడా తరచుగా ఆ రెండు మెట్లే.

హేస్‌లో పాత ఫ్యాక్టరీ ఆవరణను ఇప్పుడు ఓల్డ్ వినైల్ ఫ్యాక్టరీ అంటున్నారు. రికార్డ్ స్టోర్, షిప్పింగ్ బిల్డింగ్, గేట్‌ఫోల్డ్ అన్న పేర్లతో ఫ్లాట్లు, ఆఫీసులు వచ్చాయి. 2020లో విడుదలైన ప్లేస్టేషన్ 5కి ముందు సోనీ ఇంజనీర్లు త్రిపరిమాణ శబ్దాన్ని ఒక ముఖ్య విశేషంగా ప్రకటించారు. మనుషుల చెవులను కొలిచి, అయిదు నమూనాలు తయారుచేసి, మీ చెవికి తగినది ఎంచుకోండి అన్నారు. ఇరవై ఏళ్ళనాడు ఎక్స్‌బాక్స్‌లో ఉన్న విద్యే ఇది. గణనశక్తి పెరిగింది, మధ్యలో చాలా ఏళ్ళు పోయాయి. పేటెంట్లు కాగితాల మీద నిలిచి ఉంటాయి. ఏ చెవికి ఏ లెక్క ఎందుకు తప్పిందో, దాన్ని ఎలా సరిదిద్దారో తెలిసిన బృందం చెదిరిపోతే, తరువాతివారు మళ్ళీ తలబొమ్మ దగ్గరనుంచి మొదలుపెట్టాలి.

చెదిరిన మనిషి తనతో తీసుకుపోగలిగినది కూడా తక్కువే. విడుదలకు ముందే బయటికి పోయినవారి పేర్లు ఆట చివర వేసే జాబితాలో ఉండాలన్న నియమం అన్ని సంస్థలకూ లేదు. ఆట రద్దయితే ఆ జాబితా కూడా ఉండదు. గోప్యత ఒప్పందం మీద సంతకం ఉంటుంది కనుక, నాలుగేళ్ళు గీసిన బొమ్మలను, రాసిన కోడ్‌ను కొత్త యజమానికి చూపించడానికి వీలు లేదు. అరవై రోజుల్లో ఉద్యోగం వెతుక్కోవలసిన మనిషి దరఖాస్తులో ఆ నాలుగేళ్ళకు ఎదురుగా రాయగలిగినది ఒక్కటే: ప్రకటించని ప్రాజెక్టు.