400 మీటర్ల పరుగులో శక్తి వ్యవస్థలు, వేగ నియంత్రణ: జీవాంజి దీప్తి ఉదాహరణగా

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి 2024 మే 20న జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలలో, మహిళల టీ20 విభాగం 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి నాటి ప్రపంచ రికార్డును నెలకొల్పారు. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్ ఫైనల్‌లో 55.82 సెకన్లతో కాంస్యం సాధించారు. ఈ రెండు సమయాల నడుమ తేడా 0.75 సెకను; ఆ వేగం వద్ద అది ఐదు మీటర్లకు పైగా దూరం. ఇంతటి వ్యత్యాసానికి తావిచ్చే శరీరధర్మ అంశాలు ఏవి?

ఈ పరుగును కేవలం వేగానికి పరీక్షగా భావించడం మన వ్యాయామ విద్యలో పాతుకుపోయిన అలవాటు. కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ తొలి పది సెకన్లలోనే చాలావరకు తరుగుతుంది. తరువాతి భారం గ్లైకోజెన్‌ను ఆక్సిజన్ లేకుండా విచ్ఛిన్నం చేసే అవాయు ప్రక్రియపై పడుతుంది. అయినా మొత్తం శక్తిలో సుమారు 40 శాతం వాయుసహిత ప్రక్రియ నుండే లభిస్తుంది. మూడు నిమిషాలు సాగే స్ప్రింట్ క్రాస్-కంట్రీ స్కీయింగ్‌లో ఈ వాటా మరింత పెద్దది. అక్కడ ఒకే రోజున నాలుగు మార్లు పోటీపడవలసి రావచ్చు కనుక, నడుమ కోలుకునే సామర్థ్యమే ఫలితాన్ని శాసిస్తుంది.

అలసటకు లాక్టేట్‌ను దోషిగా నిలిపే పాఠాలు ఇంకా వినబడుతూనే ఉన్నాయి. వాస్తవానికి లాక్టేట్ ఒక ఇంధనం కూడా. హైడ్రోజన్ అయాన్లు, అకర్బన ఫాస్ఫేట్ పోగుపడడం వంటి మార్పులు కలిసి కండర సంకోచాన్ని బలహీనపరుస్తాయి. అందుచేత చివరి 100 మీటర్లలో అందరి వేగమూ పడిపోతుంది. వెనుక నుండి దూసుకువచ్చినట్లు కనబడే క్రీడాకారిణి, నిజానికి ఇతరులకన్నా తక్కువగా నెమ్మదిస్తున్న వ్యక్తి.

ఇక్కడే వేగ నియంత్రణ కీలకమవుతుంది. టీ20 మేధోపరమైన వైకల్యం గల క్రీడాకారుల విభాగం. శక్తిని ఎప్పుడు ఎంత వెచ్చించాలనే నిర్ణయం శరీర సంకేతాలను, మిగిలిన దూరాన్ని ఏకకాలంలో అంచనా వేయడంపై ఆధారపడుతుంది. మేధోవైకల్యం ఈ అంచనాను కష్టతరం చేయగలదని పరిశోధనలు సూచిస్తున్నాయి. కనుక 55.07 సెకన్లను కేవలం కండర బలానికి కొలమానంగా చదవడం సరికాదు. శిక్షణలో పదేపదే అలవరచుకున్న లయకూ అందులో వాటా ఉంటుంది.

ముగింపు సమయం ఒక్కటే నమోదు చేస్తే ఈ విషయాలేవీ బయటపడవు. పాఠశాల స్థాయి ఎంపికలలో 100 మీటర్ల సమయంతోనే పిల్లలను వడపోస్తే, వేగాన్ని నిలుపుకోగలవారు మొదటి వరుసలోనే తప్పిపోతారు. ప్రతి 100 మీటర్లకూ విడివిడిగా సమయం తీయడానికి కావలసినది నాలుగు స్టాప్‌వాచ్‌లు, నలుగురు విద్యార్థులు మాత్రమే.