పొద్దున్నే కళ్ళకింద ఉబ్బెందుకు?

పొద్దున నిద్ర లేవగానే ఒకసారి అద్దంలో చూసుకోండి. కళ్ళకింద చిన్న సంచుల్లాగా ఉబ్బి ఉందా? పళ్ళు తోముకుని, స్నానం చేసి, బడికి బయలుదేరే ముందు మళ్ళీ చూడండి. ఉబ్బు చాలావరకు తగ్గి ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేసరికి దాని జాడే ఉండదు. మరి పొద్దున ఉన్నది ఏమిటి? మధ్యాహ్నానికి ఎక్కడికి పోయింది?

ఉన్నది నీరే. ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకు జవాబు తెలియాలంటే ఒక చిన్న పని చేయండి. సీసాలో సగానికి నీళ్ళు పోసి మూత బిగించి నిలబెట్టండి. నీరంతా అడుగున ఉంటుంది. ఇప్పుడు దాన్ని పడుకోబెట్టండి. నీరు మూతదాకా వచ్చేసింది కదా! మనమూ అంతే. పగలంతా నిలబడి, కూర్చుని, తిరుగుతూ ఉంటాం కాబట్టి ఒంట్లో అదనంగా ఉన్న నీరు కాళ్ళవైపు దిగుతుంది. రాత్రి పడుకోగానే అది ఒళ్ళంతా సమంగా పరుచుకుని ముఖానికీ చేరుతుంది.

అయితే నుదురు ఉబ్బదేం? ముక్కు ఉబ్బదేం? కనురెప్పల చర్మం మన ఒంట్లోకెల్లా పలచనిది. దాని మందం సుమారు 0.5 మిల్లీమీటరు. దాని కింద కొవ్వు దాదాపు లేదు, ఉన్న కణజాలం కూడా వదులుగా అల్లిన జోలెలా ఉంటుంది. కొంచెం నీరు చేరినా చాలు, ఉబ్బి కనిపిస్తుంది. అంతే నీరు నుదుటి చర్మం కింద చేరితే ఎవరికీ తెలియదు.

ఈ నీరు వచ్చేది రక్తంలోంచే. వెంట్రుకకన్నా సన్నని రక్త కేశనాళికల గోడల్లోంచి నీరు ఎప్పుడూ కొద్దికొద్దిగా బయటికి ఊరుతూ ఉంటుంది. అందులో కొంత నేరుగా, కొంత శోషరస నాళాల దారిన తిరిగి రక్తంలో కలుస్తుంది. నాళాల్లోని ఒత్తిడి నీటిని బయటికి నెడుతుంది, రక్తంలోని ప్రోటీన్లు ఆ నీటిని లోపలికి లాగి పట్టుకుంటాయి. ఈ తోపులాట లెక్కను 1896లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త వివరించాడు. ప్రోటీన్ల సంగతి గుర్తుపెట్టుకోండి, దానితో మనకు ఇంకా పని ఉంది.

రాత్రి భోజనంలో అప్పడాలూ, ఊరమిరపకాయలూ, ఆవకాయా దట్టించి, పైన ఒక చిప్స్ పొట్లం ఖాళీ చేశారనుకోండి. ఆ ఉప్పుకు తగినంత నీటిని శరీరం నిలవచేసుకుంటుంది. తెల్లారేసరికి కళ్ళకింద సంచులు సిద్ధం. పెద్దవాళ్ళకే రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే ఒక చిన్న చెంచాడు కూడా మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకు ఇంకా తక్కువ చాలు. బాగా ఏడ్చి కళ్ళు నులుముకున్నా, నిద్ర చాలకపోయినా, కోరింత దగ్గులాంటి తెరలు తెరలుగా వచ్చే దగ్గు పట్టుకున్నా కూడా కళ్ళు ఉబ్బుతాయి. కొన్ని కుటుంబాల్లో తాత నుంచి మనవడిదాకా అందరికీ కళ్ళకింద కాస్త నిండుగానే ఉంటుంది. అది ముఖం తీరే తప్ప రోగం కాదు.

జలుబూ, దుమ్ము పడకపోవడమూ వేరే సంగతి. ముక్కు లోపలి పొర వాచినప్పుడు కంటి కింద నుంచి రక్తాన్ని తీసుకుపోయే సిరలకు దారి ఇరుకవుతుంది. రక్తం అక్కడ ఆగి, ఉబ్బుతో పాటు నీలి చాయ కూడా వస్తుంది. దీనికి ముఖ్యమైన గుర్తు దురద. తుమ్ములూ, ముక్కు కారడమూ తోడుంటాయి. పరుపుల్లో, దిండ్లలో ఉండే కంటికి కనిపించని దుమ్ము పురుగులు కొందరికి పడవు, వయ్యారిభామ మొక్క పుప్పొడి మరికొందరికి పడదు. దుప్పట్లనూ దిండు గలేబులనూ వారానికోసారి బాగా వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యాలి. ఊడ్చేముందు నేలను తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము లేవదు.

ఉబ్బు తగ్గడానికి ఇంట్లో ఏం చేయవచ్చు? శుభ్రమైన గుడ్డను చల్లని నీళ్ళలో తడిపి పిండి, మూసిన కళ్ళమీద ఓ పది నిమిషాలు ఉంచండి. చల్లదనానికి రక్తనాళాలు ముడుచుకుని నీరు ఊరడం తగ్గుతుంది. ఐసు ముక్కను మాత్రం నేరుగా చర్మానికి ఆనించకూడదు. తలకింద దిండు కొంచెం ఎత్తు పెంచండి, రాత్రిపూట ఉప్పు తగ్గించండి, కళ్ళు నులమకండి. పెద్దవాళ్ళు నందివర్ధనం పూలు పెట్టమంటారు. వాటిలో పనిచేసేది చల్లదనమే. తడిగుడ్డ ఆ పని చేస్తుంది, పైగా పూలమీది పురుగో పుప్పొడో కంట్లో పడే భయం ఉండదు. కంట్లో ఆముదం, తల్లిపాలు, ఆకు పసర్లు పోయడం మాత్రం వద్దే వద్దు. ఇంతకుముందెప్పుడో ఎవరికో రాసిచ్చిన చుక్కల మందు కూడా వద్దు. వాటిలో కొన్నింట్లో స్టీరాయిడ్లు ఉంటాయి. డాక్టరు చెప్పకుండా వాడితే అవి కంటికి హాని చేస్తాయి.

ఇక అసలు విషయానికి వద్దాం. "మధ్యాహ్నానికి తగ్గిపోతోంది కదా, ఏం భయం లేదు" అని పెద్దవాళ్ళు అంటుంటారు. ఇది ఎప్పుడూ నిజం కాదు. సీసా ప్రయోగం ఇంకోసారి తలచుకోండి. నీరు తగ్గినట్టు కనిపించడం వేరు, కిందికి దిగడం వేరు. మూత్రపిండాల జబ్బు వల్ల వచ్చే ఉబ్బు కూడా మొదట్లో పొద్దున కళ్ళచుట్టూ కనిపించి, మధ్యాహ్నానికి మాయమవుతుంది. సాయంత్రం చూస్తే చీలమండల దగ్గర ఉంటుంది! దీన్ని అలర్జీ అనుకుని వారాల తరబడి చుక్కలు వేస్తూ కూర్చోవడం చాలాచోట్ల జరుగుతూ ఉంటుంది.

ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల జల్లెడలు ఉంటాయి. పెద్దవాళ్ళలో ఇవన్నీ కలిసి రోజుకు 180 లీటర్ల దాకా ద్రవాన్ని వడకడతాయి. అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలోకే పోగా, లీటరున్నరో ఎంతో మూత్రంగా బయటికి వస్తుంది. జల్లెడ బాగున్నంతకాలం ఆల్బుమిన్ అనే ప్రోటీన్ దానిగుండా జారిపోదు. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే జబ్బులో జల్లెడ దెబ్బతిని ఆల్బుమిన్ మూత్రంలోకి పోతుంది. రక్తంలో నీటిని పట్టి ఉంచేవాడే లేకుండా పోతాడు. మూత్రపిండాలు ఉప్పును కూడా బయటికి పంపక అట్టే పెడతాయి. ఇక ఉబ్బక ఏం చేస్తుంది? ఇది ఎక్కువగా 2 నుంచి 6 ఏళ్ళ పిల్లల్లో మొదలవుతుంది. కాబట్టి మీకన్నా మీ తమ్ముణ్ణీ చెల్లెల్నీ ఓ కంట కనిపెట్టాలి.

ఈ సంబంధాన్ని స్పష్టంగా చూపినవాడు లండనులోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్. ఒళ్ళు నీరుపట్టిన రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మంటమీద వేడిచేస్తే అది గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టేది. అలాంటివాళ్ళు చనిపోయాక చూస్తే మూత్రపిండాలు చెడిపోయి ఉండేవి. ఆయన 1827లో ఈ సంగతులు ప్రకటించాడు. ఎంత చవకైన ప్రయోగశాల చూడండి, ఒక చెంచా, ఒక కొవ్వొత్తి!

మీరూ గుడ్డుతో ఒక పని చేసి చూడండి. ఒక గ్లాసు నీళ్ళలో చెంచాడు తెల్లసొన కలిపి గిలకొట్టండి, ఇంకో గ్లాసులో ఉత్త నీళ్ళు గిలకొట్టండి. తెల్లసొన నురుగు చాలాసేపు నిలుస్తుంది. ప్రోటీన్ పోతున్న మూత్రం కూడా అలాగే నురుగు కడుతుంది. వేగంగా పోసినప్పుడు ఎవరికైనా కాస్త నురుగు వస్తుంది, దానికి కంగారు పడవద్దు. ప్రతిసారీ వచ్చి, విరగకుండా నిలిచే నురుగునే అనుమానించాలి. మోకాలికీ చీలమండకీ మధ్య ఎముకమీద బొటనవేలితో పది లెక్కపెట్టేదాకా నొక్కి తీయండి. గుంట పడి అలాగే ఉండిపోతే నీరు చేరిందన్నమాట.

రెండు మూడు రోజులు వరుసగా పొద్దున ఉబ్బు వస్తుంటే, దురద లేకపోతే, మూత్రం తగ్గినా, చెప్పులూ లాగూ బిగుతైనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మూత్రపరీక్ష చేయించాలి. పసుపుపచ్చని పట్టీని మూత్రంలో ముంచితే ప్రోటీన్ ఉన్నప్పుడు అది ఆకుపచ్చగా మారుతుంది. పని నిమిషంలో అయిపోతుంది. గొంతునొప్పి వచ్చిన ఒకటి రెండు వారాలకో, చర్మంమీద చీముపుళ్ళు లేచిన 3 నుంచి 6 వారాలకో ముఖం ఉబ్బి, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే అది ఇంకో రకం మూత్రపిండాల జబ్బు. అప్పుడు ఆ రోజే వెళ్ళాలి. ఒక్క కన్నే ఎర్రబడి, వేడిగా, నొప్పిగా వాచి జ్వరం వచ్చినా అంతే. తేనెటీగ కుట్టాకో, పడనిది ఏదైనా తిన్నాకో ముఖం వాచి ఊపిరి ఆడకపోతే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

నెఫ్రోటిక్ సిండ్రోమ్ పేరు విని బెదిరిపోనక్కరలేదు. ఎక్కువమంది పిల్లలకు ప్రెడ్నిసొలోన్ అనే మందుతో నయమవుతుంది. మొదటిసారి సాధారణంగా 6 వారాలు రోజూ, మరో 6 వారాలు రోజు విడిచి రోజు ఇస్తారు. ఉబ్బు పోయింది కదా అని మధ్యలో మానేయకూడదు. ఆ మందు వాడే పిల్లల ముఖం కొన్నాళ్ళు గుండ్రంగా అవుతుంది, మందు ఆపాక మామూలవుతుంది. చాలామందికి జబ్బు తిరగబెడుతూ ఉంటుంది, అదీ తరచు జలుబు చేసిన తర్వాత. అందుకే డాక్టర్లు ఇంట్లోనే పొద్దున మూత్రాన్ని పట్టీతో చూసి, ఒక నోటుపుస్తకంలో తేదీ, పట్టీ రంగు, బరువు రాయమంటారు. ఆ రాసే పని అన్నో అక్కో చక్కగా చేయగలరు. వరుసగా 3 రోజులు పట్టీమీద ప్రోటీన్ గుర్తు 3 ప్లస్సులో అంతకన్నా ఎక్కువో చూపితే జబ్బు తిరగబెట్టినట్టు లెక్క. అలా అయితే కళ్ళు ఉబ్బకముందే డాక్టరు దగ్గరికి వెళ్ళవచ్చు.