చర్మవైద్యం: ‘ఉచితం’ వెనుక ఖర్చు ఎవరిది?

గత చలికాలంలో మా మదరసా వసతిగృహంలో ఇద్దరు పిల్లలకు గజ్జి సోకింది. వారిని వెంటబెట్టుకొని జిల్లా ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాము. ఓపీ చీటీకి గాని, మందులకు గాని అక్కడ పైసా పుచ్చుకోలేదు. అయినా సాయంత్రం తిరిగివచ్చి లెక్క చూసుకుంటే బస్సు చార్జీలకు 330, భోజనాలకు 210, వెరసి 540 రూపాయలు తేలాయి. మా తరగతులు ఒకరోజు ఆగాయి. వరుసలో మా ముందు నిలిచిన తల్లి మిరపకాయలు కోసే కూలీ. ఆమెకు ఆనాటి కూలి పోయింది. ‘ఉచితం’ అనే మాట ఆసుపత్రి గుమ్మం లోపలికే వర్తిస్తుంది. ఇంతకూ డాక్టరుగారు పిల్లలను చూసింది మూడు నిమిషాలు.

ఆ మూడు నిమిషాలు వీడియోలో ఊళ్ళోనే దొరికితే చవక కదా అని ఎవరికైనా తోస్తుంది. మాకూ తోచింది. అయితే ఉత్తర ఐర్లండులో జరిగిన ఒక పరిశీలన దీనికి ఎదురు తిరిగింది. 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ దానిని ప్రచురించింది. 204 మంది చర్మరోగులను యాదృచ్ఛికంగా రెండు సమభాగాలు చేసి, ఒక భాగానికి వీడియో ద్వారా, రెండవ భాగానికి ఆసుపత్రిలో ముఖాముఖి వైద్యం అందించారు. రోగి ప్రయాణాన్నీ, కోల్పోయిన సమయాన్నీ కూడా కలిపి లెక్కగట్టగా మొదటి సంప్రదింపుకు వీడియో పద్ధతిలో తలకు 132.10 పౌండ్లు, ముఖాముఖిలో 48.73 పౌండ్లు అయింది.

కారణం తెలుసుకోదగినది. ఆనాడు వీడియో పరికరాలు ఖరీదైనవి. పైగా ఇక్కడ రోగి పక్కన ఒక వైద్యుడు, అక్కడ తెర ముందు మరొక నిపుణుడు కూర్చోవాలి. ఒక్క రోగికి ఇద్దరి సమయం. రోగులు ఆసుపత్రికి పోయి రావడానికి సగటున 26 కిలోమీటర్లే. అది 78 కిలోమీటర్లయి, ప్రతి ఆరోగ్య కేంద్రమూ వారానికి ఒక పూట ఈ పనికి కేటాయిస్తే రెండు పద్ధతుల ఖర్చూ సమానమయ్యేదని వారే లెక్కగట్టారు. అంటే దూరమూ, పరికరాన్ని ఎంతగా వాడుతున్నామన్నదీ కలిసి చవకను నిర్ణయిస్తాయి.

మన దగ్గర పరిస్థితి వేరు. 2019లో కేంద్రం ప్రారంభించిన ఈ-సంజీవని ద్వారా గ్రామ ఆరోగ్య కేంద్రం నుండి డాక్టరుతో ఉచితంగా మాట్లాడవచ్చు. పరికరం నేడు చవక. డాక్టరు సమయం మాత్రం చవక కాలేదు. ఫోటో మసకగా వస్తే రోగి ఎలాగూ బస్సు ఎక్కాలి, అప్పుడు రెండు ఖర్చులూ పడతాయి. ఒంటి మీది మచ్చను ఫోటో తీయించుకోవడానికి మన స్త్రీలు సంకోచిస్తారు. ఆ సంకోచాన్ని తప్పు పట్టలేము. గదిలో ఆడ సిబ్బంది ఉన్నారో లేదో ముందే అడగడం మేలు.

అన్నిటికంటే ఖరీదైన వైద్యం మందుల దుకాణంలో అడిగి కొనే ట్యూబు. తామరకు స్టెరాయిడ్ కలిసిన పూత రాస్తే నాలుగు రోజులు దురద తగ్గి, తరువాత మచ్చ మరింత వ్యాపిస్తుంది. గజ్జిదీ అదే సంగతి: ఒక్కరికే మందు పూసి ఊరుకుంటే ఇల్లంతా మళ్ళీ మొదలు. కలిసి పడుకునేవారందరూ ఒకే రాత్రి పూసుకోవాలి, బట్టలు, దుప్పట్లు వేడినీటిలో ఉతకాలి. మేము ఆ ఇద్దరికే పూసి ఊరుకున్నాము. పది రోజుల్లో మరో ఏడుగురు గోక్కోసాగారు.

ఈసారి ఊరి ఆరోగ్య కేంద్రానికి నడిచే వెళ్ళాము. తెరమీది డాక్టరుగారు గజ్జికి అక్కడికక్కడే మందు రాయించారు. ఒక బాలుని వీపు మీది పాలిన మచ్చను చూసి మాత్రం, “దీన్ని తాకి చూడాలి, తీసుకురండి” అన్నారు. మరునాడే వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళాము. అక్కడ దూది కొనతో మచ్చ మీద తాకి చూశారు. స్పర్శ తెలుస్తోంది, కుష్ఠు కాదన్నారు. ఆ ప్రయాణానికి 240 రూపాయలయ్యాయి.