గాలిగోపురం వాలకుండా బొమ్మలో పట్టాలంటే...
స్టాండు కెమెరాకు ఏ లెన్సు మేలు?

మంగళగిరి: ఇక్కడి గాలిగోపురానికి 11 అంతస్తులు, 153 అడుగుల ఎత్తు. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807-09 నడుమ దీన్ని కట్టించారు. కొండకు వచ్చిన వారిలో దీన్ని ఫొటో తీయనివారు అరుదు. అయితే ఆ ఫొటోలు చాలావాటిలో గోపురం వెనక్కి వాలినట్టు, పైకి పోయేకొద్దీ ఉన్నదానికన్నా సన్నబడినట్టు కనిపిస్తుంది. శిఖరం అందడం కోసం కెమెరాను పైకెత్తడమే దీనికి కారణం.

నల్లగుడ్డ కప్పుకొని తీసే పాత స్టాండు కెమెరాకు ఈ చిక్కు లేదు. దాని ముందు పలకకు, వెనుక గాజుపలకకు మధ్య హార్మనీ పెట్టె తిత్తి లాంటిది ఉంటుంది. కెమెరాను నిటారుగా ఉంచి, లెన్సును మాత్రం పైకి జరపవచ్చు. గోడలు నిలువుగానే పడతాయి. ఇప్పటికీ 4×5 అంగుళాల ఫిలింతో ఇలా ఫొటోలు తీసేవారున్నారు. ఒక్కో ఫిలిం ముక్కకూ ఖర్చు ఎక్కువ కనుక గురి తప్పితే నష్టమే. అందరికీ నాలుగైదు లెన్సులు కొనే స్తోమత ఉండదు. మరి ఒక్కటే కొనాలంటే ఏది?

లెక్క ఏమంటుంది?

ఈ సైజు కెమెరాకు 150 మి.మీ. లెన్సు మామూలు చూపు. 90 మి.మీ. బాగా వెడల్పు. 120 నుంచి 135 వరకు ఒక మోస్తరు వెడల్పు. చిన్న ఫిలిం కెమెరాలో 35 మి.మీ. లెన్సు ఇచ్చే చూపుకు ఇక్కడ సుమారు 125 సాటి.

లెన్సు నేలకు 5 అడుగుల ఎత్తున ఉంటే, గోపుర శిఖరం దానికి 148 అడుగుల పైన ఉంటుంది. ఫిలింను నిలువుగా పెట్టి, లెన్సును జరపకుండా శిఖరాన్ని అంచుకు పట్టించాలంటే 150 లెన్సుతో 370 అడుగులు, 135తో 333 అడుగులు, 90తో 222 అడుగులు వెనక్కి నడవాలి. అదే 135 లెన్సును 25 మి.మీ. పైకి జరిపితే 235 అడుగులు చాలు. అంటే అంగుళం జరుపుతో 135 లెన్సు దాదాపు 90 చేసే పని చేస్తుందన్నమాట!

90నీ అలాగే జరిపి 157 అడుగుల దూరం నుంచే తీయవచ్చు. కాని అంత దగ్గర నుంచి చూస్తే పై అంతస్తుల బొమ్మలను కింది చూర్లు కొంత మరుగుచేస్తాయి.

వలయం చూసి కొనాలి

ప్రతి లెన్సూ గాజుపలక మీద గుండ్రటి బొమ్మ వేస్తుంది. 4×5 ఫిలిం మూలలు నిండడానికి సుమారు 154 మి.మీ. వలయం చాలు. లెన్సును 25 మి.మీ. జరపాలంటే 195 కావాలి. లేకుంటే పై మూలలు నల్లబడతాయి. నిక్కోర్-డబ్ల్యు 135 లెన్సు వలయం 200 మి.మీ. కనుక అవసరం తీరుతుంది. నిక్కోర్-ఎస్‌డబ్ల్యు 120 వలయం 312 మి.మీ. ఎంత జరిపినా చాలు, కాని బరువు 610 గ్రాములు. మొదటిదానికి ఇది సుమారు మూడు రెట్లు. కాలినడకన తిరిగేవారికి ఈ తేడా చిన్నది కాదు.

గ్రూపు ఫొటో, మిరప కల్లం

బడి పిల్లల గ్రూపు ఫొటోలో 90 లెన్సు వాడితే వరుస చివర నిలబడిన పిల్లల ముఖాలు 20 శాతం వరకు పక్కకు సాగుతాయి. 135తో ఆ సాగుడు 10 శాతం దాటదు. ఫొటో ఇంటికి తీసుకెళ్లే తల్లిదండ్రులు ముందు చూసేది తమ బిడ్డ ముఖాన్నే కదా!

గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప కల్లాల్లో సమస్య వేరు. కాళ్ల ముందరి కాయ నుంచి దూరాన చెట్ల వరుస వరకు అంతా స్పష్టంగా రావాలి. లెన్సు 5 అడుగుల ఎత్తున ఉంటే, 135ను సుమారు 5 డిగ్రీలు ముందుకు వంచితే ఎర్రటి నేలంతా ఒకేసారి తేటపడుతుంది. ఆస్ట్రియా సైనికాధికారి థియోడోర్ షైంప్‌ఫ్లుగ్ పేరు మీద ఉన్న సూత్రం ఇదే. ఆయన 1904లో దీనికి పేటెంటు తీసుకున్నారు. అయితే తాలుకాయలు ఏరుతూ నిలబడ్డ కూలీల తలలు నేలకన్నా ఎత్తున ఉంటాయి. వాటి కోసం ఎఫ్ 22 దాకా రంధ్రం తగ్గించుకోక తప్పదు.

కొనేముందు...

పెద్ద కెమెరాల లెన్సుల తయారీ మానేస్తున్నట్టు నికాన్ కంపెనీ 2006లో ప్రకటించింది. కనుక దొరికేవి పాతవే. సముద్రపు తేమకు అద్దాల మధ్య బూజు పట్టి ఉండవచ్చు. దీపం ముందు పెట్టి చూసుకోవాలి. షట్టర్ నెమ్మది వేగాల్లో నిలబడిపోతోందేమో వినాలి.

ఏ లెన్సు కావాలో తేల్చుకోవడానికి మాత్రం పైసా ఖర్చు లేదు. అట్టముక్కలో 96×120 మి.మీ. కిటికీ కోసి, ఒక కంటికి 135 మి.మీ. దూరంలో పట్టుకొని చూస్తే ఆ లెన్సు చూసేదే కనిపిస్తుంది. 120 దూరంలో పడితే 120 లెన్సు చూపు. అట్టను కొద్దిగా పైకి జరిపితే లెన్సు జరిపినట్టే. అట్ట పట్టుకొని గోపురం ముందు ఒక పూట తిరిగితే చాలు, ఏది కొనాలో ఎవరికి వారికే తెలిసిపోతుంది.