పెన్‌డ్రైవ్ లినక్స్‌లో సర్వాధికారం ఎవరికి?

కంప్యూటరులో ఏమీ స్థాపించకుండా, పెన్‌డ్రైవ్ నుండే నేరుగా నడిచే లినక్స్‌ను లైవ్ వ్యవస్థ అంటారు. డెబియన్ వారి లైవ్-బిల్డ్ అనే ఉపకరణంతో, తెలుగు ఖతులను కూడా చేర్చి, ఎవరికి కావలసిన రీతిలో వారు దీనిని తయారుచేసుకోవచ్చు. పలువురు పిల్లల చేతులు మారే పెన్‌డ్రైవ్ అయినపుడు ముందుగా తేల్చుకోవలసినది అధికారాల సంగతి.

లినక్స్‌లో సర్వాధికారాలు గల ఖాతా పేరు రూట్. సాధారణ వాడుకరి రూట్ అధికారంతో ఆదేశాలు నడిపేందుకు తోడ్పడేది సుడో. 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో బాబ్ కోగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ దీనిని రూపొందించారు. డెబియన్ లైవ్‌లో తొలి వాడుకరి పేరు ‘యూజర్’, సంకేతపదం ‘లైవ్’. సుడో వాడుటకు ఆ సంకేతపదం కూడా అక్కరలేదు.

ఇందులో ప్రమాదమేమి? పెన్‌డ్రైవ్‌లో చేసిన మార్పులు, వాటిని భద్రపరచే ఏర్పాటు లేనిచో, కంప్యూటరు ఆపగానే చెరిగిపోతాయి. హార్డ్‌డిస్కులోని కుటుంబ ఛాయాచిత్రాలు, పత్రాల ప్రతులు అటువంటివి కావు. రూట్ అధికారం గలవారు డిస్కును తెరచి వాటిని చదవగలరు, తుడిచివేయగలరు కూడా.

నిర్మాణ సమయంలోనే దీనిని సరిదిద్దవచ్చు. ప్రారంభ పరామితులలో ‘నోరూట్’ అనే పదాన్ని చేర్చినచో వాడుకరికి ఆ సుడో అధికారం లభించదు. ఆపై అవసరమైన ఒకటి రెండు ఆదేశాలను మాత్రమే అనుమతించే చిన్న ఫైలును, సుడో నియమాల సంచయంలోనికి చేరునట్లు నిర్మాణంలో పొందుపరచాలి. ఆ ఫైలు పేరులో చుక్క ఉండరాదు. ఉన్నచో సుడో దానిని పట్టించుకోదు. ఫైలు రూట్ యాజమాన్యంలో, 0440 అనుమతితో ఉండాలి. అందులోని తప్పులను ‘వైసుడో’ ముందుగానే పట్టి ఇస్తుంది.

అనుమతించే ఆదేశాల ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. రూట్ అధికారంతో ఒక్క పాఠ్య సంపాదకాన్ని అనుమతించినా, దాని లోపలి నుండి ఏ ఆదేశమైనా నడపవచ్చు. అప్పుడు తలుపు వేసి గొళ్లెం మరచినట్లే.

మరొక పరిమితి కూడా గమనార్హం. ప్రారంభ పట్టికను సవరించి ‘నోరూట్’ను తొలగించే వీలున్నది, కనుక ఆ పట్టికకూ సంకేతపదం పెట్టాలి. అయినను, వేరొక పెన్‌డ్రైవ్‌తో వచ్చేవారిని ఇది ఆపలేదు. విలువైన డిస్కును గూఢలిపీకరించడమే అందుకు రక్ష.

తయారైన పెన్‌డ్రైవ్‌ను పంచేముందు దానిని నడిపి, ‘సుడో’ పక్కన ‘మైనస్ ఎల్’ చేర్చి ఆదేశమిస్తే, వాడుకరికి మిగిలిన అధికారాల జాబితా కనబడుతుంది. ఉద్దేశించినవి మాత్రమే అందులో ఉన్నవో లేదో సరిచూచుకొనిన పిదపనే పిల్లల చేతికి ఇవ్వడం మేలు.