అబద్ధపు కీర్తి అక్కర్లేని భాష

తెలుగు పుట్టుక గురించి ప్రచారంలో ఉన్న మాటల్లో శాస్త్రానికి నిలిచేవెన్ని? తొలి తెలుగు శాసనాల సీమ రేనాటి నుంచి ఒక పరిశీలన

తెలుగు మాట్లాడితే శరీరంలోని 72 వేల నాడులు చైతన్యం పొందుతాయనీ, ప్రపంచ లిపులన్నింటిలో తెలుగు లిపికి రెండో స్థానం దక్కిందనీ, భూమి మీది భాషలన్నీ సంస్కృతం నుంచో తెలుగు నుంచో పుట్టాయనీ చెప్పే మాటలు భాషోత్సవ వేదికల మీదా, ఫోన్లలో తిరిగే సందేశాల్లోనూ తరచుగా వినిపిస్తుంటాయి. వీటిని పంచుకునేవారిలో ఎక్కువమందిని నడిపించేది భాష మీది ప్రేమే తప్ప మోసబుద్ధి కాదు. అయినా శాస్త్రం పేరుతో చెలామణి అయ్యే మాట శాస్త్రపు పరీక్షకు నిలవాలి. ఆళ్లగడ్డ పొరుగునున్న ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల ప్రాంతాల నుంచి కడప జిల్లా దాకా విస్తరించిన రేనాడు తెలుగు భాషకు తొలి లిఖిత సాక్ష్యాలను ఇచ్చిన సీమ కాబట్టి, ఆ పరీక్ష ఇక్కడ జరగడం ఎంతో సముచితం.

నాడులు, లిపులు, యంత్రాలు

72 వేల నాడుల లెక్క బృహదారణ్యకోపనిషత్తులో కనిపించే ప్రాచీన భావన. హృదయం నుంచి వ్యాపించే నాడుల గురించి అక్కడ చెప్పిన మాటకూ తెలుగు ఉచ్చారణకూ సంబంధమే లేదు. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయని నేటి శాస్త్రం అంచనా వేస్తోంది. ఊపిరితిత్తులు, కంఠనాళం, నాలుక, పెదవులు కలిసి ధ్వనిని పుట్టించే తీరు అన్ని భాషలవారికీ ఒక్కటే. లిపికి రెండో స్థానం అనే మాట 2012లో కొరియన్ల చొరవతో బ్యాంకాక్‌లో జరిగిన ఒక పోటీ నుంచి వచ్చింది. అందులో మొదటి స్థానం కొరియా లిపి హంగుల్‌కే దక్కింది. లిపులకు మార్కులు వేసి వరుసలో నిలబెట్టే కొలమానం ఏదీ భాషాశాస్త్రంలో లేదు.

కంప్యూటర్లకు సంస్కృతమే అత్యుత్తమమని అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తేల్చిందన్న ప్రచారానికి మూలం 1985లో ఏఐ మ్యాగజీన్‌లో రిక్ బ్రిగ్స్ అనే పరిశోధకుడు రాసిన ఒక వ్యాసం. వాక్యార్థాన్ని అంశాలుగా విడదీసి చూపే సంస్కృత శాస్త్రకారుల పద్ధతికీ, కృత్రిమ మేధలో జ్ఞానాన్ని అమర్చే పద్ధతికీ పోలిక ఉందని ఆయన వాదించారు. ఆలోచించదగిన ఆ వాదన నోటి నుంచి నోటికి పెరిగి, చివరికి ఒక సంస్థ ఇచ్చిన తీర్పుగా మారిపోయింది.

ఊరి పేర్లు, స్థలపురాణాలు

మాట పుట్టుకను వివరించడాన్ని వ్యుత్పత్తి అంటారు. వినికిడి పోలికను బట్టి జనం కల్పించుకున్న వ్యుత్పత్తిని లోకనిరుక్తి అంటారు. దేవతలు నరసింహుని చూసి 'అహో బలం' అన్నారనీ, గరుత్మంతుడు తపస్సు చేసిన గుహ కాబట్టి 'అహో బిలం' అన్నారనీ అహోబిలానికి రెండు కథలున్నాయి. భక్తి సంప్రదాయంలో ఈ కథల విలువ వాటికి ఉంది, దానిని ఎవరూ తగ్గించనక్కర్లేదు. అయితే పేరు ఎప్పుడు, ఎలా ఏర్పడిందో తేల్చడానికి పాత ప్రయోగాలు కావాలి. తిరుమంగై ఆళ్వారు తన పాశురాల్లో ఈ క్షేత్రాన్ని సింగవేళ్‌కున్ఱం అన్న పేరుతో కీర్తించారు కాబట్టి, ఒకే స్థలానికి వేర్వేరు భాషల్లో వేర్వేరు పేర్లు ఉండేవని స్పష్టమవుతుంది.

'తెలుగు' అన్న పేరు విషయమూ ఇలాంటిదే. శ్రీశైలం, ద్రాక్షారామం, కాళేశ్వరం అనే మూడు లింగక్షేత్రాల నడుమ నేల త్రిలింగమనీ, దాని నుంచే తెలుగు అన్న మాట వచ్చిందనీ చాలామంది నమ్ముతారు. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానకవి విద్యానాథుడు ఈ మూడు క్షేత్రాలను పేర్కొన్నాడు. అయితే దేశీయమైన పేరును సంస్కృతానికి అనుగుణంగా మలచుకున్న ఫలితమే త్రిలింగ శబ్దమనీ, అసలు మూలం దక్షిణ దిక్కును చెప్పే 'తెన్' అనే ద్రావిడ ధాతువు కావచ్చనీ భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి వాదించారు.

పోలిక ఎప్పుడు సాక్ష్యం అవుతుంది

రెండు భాషల్లో ఒకేలా వినిపించే మాటలు దొరికినంత మాత్రాన వాటికి చుట్టరికం కలపడం ఈ తరహా వాదాలన్నింటిలో కనిపించే ప్రధాన లోపం. ఆస్ట్రేలియా ఆదివాసుల భాష ఎంబబరంలో కుక్కను ఇంగ్లీషులోలాగే 'డాగ్' అనేవారు; అది కేవలం యాదృచ్ఛికం. తౌలనిక భాషాశాస్త్రం, అంటే భాషలను క్రమపద్ధతిలో పోల్చే శాస్త్రం, ఒక్కో మాటను కాక ధ్వనుల మధ్య మళ్లీ మళ్లీ కనిపించే నియమాన్ని వెతుకుతుంది. తెలుగు పాలు, పులి, పాము, పల్లి అనే మాటలకు కన్నడంలో హాలు, హులి, హావు, హళ్లి ఉన్నాయి. పాత కన్నడ శాసనాల్లో ఇవే మాటలు పకారంతో కనిపిస్తాయి కాబట్టి, పకారం హకారంగా మారిన క్రమం సందేహం లేకుండా రుజువవుతుంది. తమిళ ఇరణ్డు, ఉరల్, మరం అనే మాటలకు తెలుగులో రెండు, రోలు, మ్రాను ఉండటం వర్ణవ్యత్యయం, అంటే ధ్వనులు చోటు మార్చుకోవడం. ఈ లక్షణం తెలుగుకు దగ్గరి బంధువులైన కువి, కోండ వంటి అడవి బిడ్డల భాషల్లోనూ ఉంది.

1816 నాటి రుజువు

తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందన్న అభిప్రాయానికి ఒకప్పుడు పండితుల ఆమోదం కూడా ఉండేది. 1814లో శ్రీరాంపురంలో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన విలియం కేరీ ఆ మాటే చెప్పాడు. మద్రాసు సెయింట్ జార్జి కోట కళాశాలను నడిపిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, 1816లో వెలువడిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో దానిని ఖండించి, తెలుగు, తమిళ, కన్నడాలకు సంస్కృతంతో సంబంధం లేని ఉమ్మడి మూలం ఉందని చూపించాడు. ఈ పనికి కళాశాల పండితుడు పట్టాభిరామశాస్త్రి సిద్ధం చేసిన ధాతువుల పట్టికా, బందరుకు చెందిన మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక నిఘంటువూ తోడ్పడ్డాయి. సంస్కృతం నుంచి యథాతథంగా వచ్చిన తత్సమాలనూ, మార్పు చెంది వచ్చిన తద్భవాలనూ, సొంత మాటలైన దేశ్యాలనూ తెలుగు వైయాకరణులు ముందే వేరుచేసి పెట్టుకోవడం వల్లనే ఈ రుజువు సాధ్యమైంది. ద్రావిడ భాషలను పోల్చి కాల్డ్వెల్ రాసిన ప్రసిద్ధ గ్రంథం వెలువడింది 1856లో. అంతకు నలభై ఏళ్ల ముందే, తెలుగు పండితుల శ్రమ ఆధారంగా, ఒక భాషాకుటుంబం ఉనికి ప్రపంచానికి తెలిసింది. ఏ కల్పిత బిరుదూ ఇవ్వలేని గౌరవమిది.

తొలి భాష అనే తీరని ఆశ

తమ భాషే మొదటిదని చాటుకోవాలన్న కోరిక తెలుగువారికే పరిమితం కాదు. ఏదెను తోటలో ఆదాము మాట్లాడింది ఆంట్వెర్ప్ పరిసరాల భాషేనని 16వ శతాబ్దిలో గోరోపియస్ బెకానస్ వాదించాడు. మానవ భాషలన్నీ తుర్కీ నుంచి వచ్చాయనే 'సూర్యభాషా సిద్ధాంతాన్ని' 1930లలో టర్కీ ప్రభుత్వమే నెత్తికెత్తుకుంది. ఆధారం లేని ఇలాంటి ఊహలతో విసిగిన ప్యారిస్ భాషాశాస్త్ర సంఘం 1866లో భాషోత్పత్తి మీద వ్యాసాలనే నిషేధించింది. రాత పుట్టి అయిదు వేల ఏళ్లకు పైగా అయింది. మనిషి మాట దానికన్నా ఎన్నో రెట్లు పాతది. కాబట్టి 'మొదటి భాష ఏది' అన్న ప్రశ్నకు నిక్కచ్చిగా జవాబిచ్చే సాక్ష్యం ఎక్కడా మిగలలేదు.

మిగిలిన సాక్ష్యం మాత్రం రేనాటి వారికి చేరువలోనే ఉంది. కడప జిల్లా కలమల్లలో రేనాటి చోళరాజు ధనంజయుని శాసనం సుమారు సా.శ. 575 నాటిదని లిపిని బట్టి నిర్ణయించారు. తెలుగులో లభించిన తొలి శాసనంగా పండితులు దానిని గుర్తించారు. అంతకుముందు అమరావతి శాసనంలోని 'నాగబు' అనే మాటను వేటూరి ప్రభాకరశాస్త్రి తెలుగు పదంగా గుర్తించారు, అయితే ఒక్క పదం వేరు, భాషలో రాసిన శాసనం వేరు. అంతకన్నా పాతవైన కర్నూలు జిల్లా ఎర్రగుడి అశోక శాసనాలు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఉన్నాయి. లిపి, భాష ఒకటి కావనీ, ఒక దాని వయసును మరొక దానికి అంటగట్టకూడదనీ ఇవి బోధిస్తాయి.

అబద్ధపు పొగడ్త వల్ల కలిగే అసలు నష్టం, అది నిజమైన పనిని అనవసరం అనిపించేలా చేయడం. భాష ఎప్పుడో సర్వోన్నతమైపోయిందని నమ్మినవారికి దాని మాటలను సేకరించాల్సిన, దానిని పిల్లలకు చక్కగా నేర్పాల్సిన బాధ్యత కనిపించదు. గోండి, కువి మాట్లాడే సొంత చుట్టాలూ కనిపించరు. గిడుగు రామమూర్తి తెలుగు కోసం పోరాడుతూనే, తెలుగుతో పుట్టుక సంబంధం లేని సవర భాషకు నిఘంటువూ వ్యాకరణమూ సమకూర్చారు. భాషాభిమానానికి కొలత అదే. రేనాటి సేద్యపు మాటలు, ఆళ్లగడ్డ శిల్పుల పనిముట్ల పేర్లు, నల్లమల చెంచుల పలుకుబడి, వీటిని చెప్పిన వ్యక్తి, ఊరు, సందర్భంతో సహా నమోదు కావాలి. నంద్యాల జిల్లా బడులూ కళాశాలలూ ఆ పనికి పూనుకుంటే, తెలుగు గురించి గర్వంగా చెప్పుకోవడానికి రుజువున్న మాటలే కావలసినన్ని దొరుకుతాయి.