కుక్కపిల్లకు ఇల్లు తెలిసేదెలా?



షోలాపూర్ నుంచి హైదరాబాదు వెళ్ళే రోడ్డు మీద ఉన్న మా విడీ ఘర్కుల్ మీలో చాలామందికి తెలిసినదే. మరాఠీలో విడీ అంటే బీడీ, ఘర్కుల్ అంటే చిన్న ఇల్లు. పేరుకు తగ్గట్టే చిన్న ఇళ్ళు. వంట, పడక, పిల్లల చదువు, బీడీల చాట అన్నీ ఆ కాస్త చోటులోనే. అలాంటి ఇంట్లోకి ఒక కుక్కపిల్ల వస్తే ఏమవుతుందో ఈ రోజు చెప్పుకుందాం.

మా తరగతిలో ఒక అమ్మాయి ఓ సోమవారం పుస్తకం తెరవకుండా కూర్చుంది. ఏమిటమ్మా అంటే ఏడుపు. వాళ్ళింట్లో రెండు నెలల కుక్కపిల్ల ఉంది. తడిపిన తునికాకు పెట్టుకున్న గోనెసంచి మీద అది మూడోసారి ఉచ్చ పోసిందట. "ఇంకొక్కసారి పోసిందంటే తీస్కపోయి మార్కెట్ల ఇడిచిపెట్టొస్త" అని వాళ్ళమ్మ అన్నదట. ఆ తల్లిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. వెయ్యి బీడీలు చుట్టి అప్పజెబితేనే కూలి. ఆకు పాడైతే ఆ లోటు చుట్టే మనిషి మీదే పడుతుంది. అయితే పిల్లను ఆకలిదప్పులకు మాడేలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. ఆ సంగతి అలా ఉంచితే, అసలు తప్పెవరిది?

గోనెసంచిది అంటాను నేను. నవ్వకండి. కుక్కపిల్ల పుట్టిన మొదటి రెండు మూడు వారాలు తనంతట తాను ఒంటికి, రెంటికి పోలేదు. తల్లి నాకితేనే పోతుంది, ఆ తల్లే శుభ్రం చేస్తుంది. మూడో వారం దాటాక పిల్ల పడుకునే చోటు వదిలి పక్కకు నడవడం మొదలుపెడుతుంది. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి కుక్కపిల్లలను గమనించి 1965లో ఒక పుస్తకం ప్రచురించారు. సుమారు ఎనిమిదిన్నర వారాల వయసులో పిల్లలు ఒక చోటును ఎంచుకుని, మళ్ళీమళ్ళీ అక్కడికే పోవడం మొదలుపెడతాయని వారు గమనించారు. మనం పిల్లను ఇంటికి తెచ్చుకునేది సరిగ్గా ఆ రోజుల్లోనే! ఆ వేళ కాలికి ఏది మెత్తగా తగిలితే, ఏది తడిని పీల్చుకుంటే, దానికి అదే అలవాటవుతుంది. మనింట్లో మెత్తగా, చెమ్మగా ఉండేది ఏది? ఆకు గోనె. ఆ తరువాత పాత చద్దరు.

అందుకని మొదటి పని పిల్లను కొట్టడం కాదు, గోనెను ఎత్తడం. ఆకు సంచి, కత్తిరించిన ఆకు, చాట గూట్లోకో బల్ల మీదికో పోవాలి. దీనికి ఇంకో పెద్ద కారణం కూడా ఉంది. పొగాకు కుక్కకు విషం. చాటలోది కాస్త తిన్నా చిన్న పిల్లకు ప్రాణం మీదికి వస్తుంది. చొంగ కారడం, వాంతులు, వణుకు తరచు గంటలోపే కనబడతాయి. అప్పుడు ఇంటి వైద్యం వద్దు, వెంటనే పశువైద్యుని దగ్గరికి పరుగెత్తండి.

ఇక రెండో సంగతి. బడిలో పిల్లలు చిటికెన వేలు చూపించి "టీచర్, ఒంటికి" అంటారు. కుక్కపిల్లకు వేలు లేదు గాని దాని సైగలు దానికి ఉన్నాయి. ఆడుతూ ఆడుతూ చటుక్కున ఆగుతుంది, నేల వాసన చూస్తుంది, గుండ్రంగా తిరుగుతుంది. ఆ క్షణంలో ఎత్తుకుని బయటికి నడవాలి. సైగ కనబడకపోయినా కొన్ని వేళలు తప్పవు. నిద్ర లేవగానే, తిన్న పావుగంట, ఇరవై నిమిషాలకు, ఆట అయ్యాక, రాత్రి పడుకోబోయే ముందు. పిల్ల ఎంతసేపు ఆపుకోగలదో చెప్పే ఒక మోటు లెక్క ఉంది. వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు. రెండు నెలల పిల్లకు మూడు గంటలన్నమాట. అదీ గరిష్ఠం. మెలకువగా ఉన్నంతసేపు రెండు గంటలకొకసారి, ఇంకా ముందే తీసుకుపోవడం మేలు. ఎండాకాలంలో నీళ్ళు ఎక్కువ తాగుతుంది, ఎక్కువసార్లు పోస్తుంది. దానికి భయపడి నీళ్ళగిన్నె దాచిపెట్టకండి.

బయటికంటే ఎక్కడికి? మన గల్లీలో ఇది చిన్న ప్రశ్న కాదు. పక్కింటి ముగ్గు మీద పోస్తే ఆ సాయంత్రానికే పంచాయితీ. పైగా టీకాలు పూర్తికాని పిల్లను ఊరకుక్కలు తిరిగే చోట దింపితే పార్వో అనే ప్రాణాంతక రోగం అంటవచ్చు. కాబట్టి మన గడప పక్కనే పాత ఇనుప తట్టలో శుభ్రమైన మట్టి పోసి పెట్టండి. ప్రతిసారీ అక్కడికే తీసుకుపోండి. పని కాగానే, అక్కడే, ఒక రొట్టె ముక్క ఇచ్చి మెచ్చుకోండి. ఇంట్లోకి వచ్చాక ఇస్తే, ఇంట్లోకి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది! రెంటికి పోయినదాన్ని కాగితంతో ఎత్తి పారేయాలి. కుక్కపిల్లల కడుపులోని నులిపురుగుల గుడ్లు మట్టిలో పడి మన పిల్లలకు చేరతాయి. పురుగుల మందు, టీకాలు, మూడు నెలల వయసులో రేబిస్ సూది, వీటి సంగతి డాక్టరును అడిగి తేల్చుకోండి.

మాట విషయంలో మన ఇళ్ళలో ఒక తమాషా ఉంది. అవ్వ "బయటికి పో" అంటుంది, కొడుకు "బాహేర్ చల్" అంటాడు, పక్కింటాయన హిందీలో అదిలిస్తాడు. మూడు భాషలు మనకు వచ్చుగాని కుక్కపిల్ల ఇంకా ఒకటో తరగతే. ఏదో ఒక మాట అనుకుని అందరూ అదే అనండి. తెలుగా మరాఠీయా అన్న పట్టింపు దానికి లేదు.

లోపల పోసేసిందనుకోండి. మూతి దానిలో రాయడం, చెప్పుతో కొట్టడం మన దగ్గర వాడుక. దానివల్ల పిల్ల నేర్చుకునేది ఒక్కటే, మనిషి ఎదుట పోయకూడదని. మరునాటి నుంచి మంచం కింద పోస్తుంది, తట్ట దగ్గరికి తీసుకుపోయినా మీరుండగా పోయదు. పోస్తుండగా చూస్తే చప్పట్లు కొట్టి ఆపి, ఎత్తుకుపోండి. అయిపోయాక చూస్తే నోరు మూసుకుని తుడవండి. తుడవడంలోనూ పద్ధతి ఉంది. ఫినాయిలు మన ముక్కును మోసగిస్తుందేగాని కుక్క ముక్కును కాదు. అమ్మోనియా ఉన్న మందులు అసలే వద్దు, వాటి వాసనే ఉచ్చ వాసనలా ఉంటుంది. ముందు పాతగుడ్డతో అద్ది, సబ్బునీళ్ళతో కడిగి, ఆపైన సిర్కాలో సగం నీళ్ళు కలిపి తుడిచి ఆరనివ్వండి. ఆ వాసన కోసమే తయారైన ఎంజైము మందులూ పశువుల మందుల దుకాణాల్లో అడిగితే దొరుకుతాయి. తడిసిన గోనెను మాత్రం ఉతికి వాడకండి, తీసేయండి.

రాత్రిళ్ళు, చేతిలో పనున్నప్పుడు, పిల్లను మంచం పక్కన అట్టపెట్టెలో పడుకోబెట్టండి. నిలబడి, తిరిగి, కాళ్ళు చాపుకునేంత చోటు చాలు. ఆరోగ్యంగా ఉన్న పిల్ల పడుకునే చోటును పాడుచేయడానికి ఇష్టపడదు. అలాగని పూటంతా అందులో మూసేస్తే వేరే దారిలేక అక్కడే పోస్తుంది, ఉన్న మంచి అలవాటూ పోతుంది. తల్లి కార్ఖానాకు, పిల్లలు బడికి పోయే ఇంట్లో పగలు చూసుకునే తాతో అవ్వో లేకపోతే, కుక్కపిల్లను తేవడం ఎండాకాలం సెలవుల దాకా ఆపడం నయం. ఈ మాట పిల్లలకు నచ్చదని తెలిసే చెబుతున్నాను.

నేర్చుకున్న పిల్ల మళ్ళీ మొదలుపెడితే, మాటిమాటికీ చుక్కచుక్కగా పోస్తే, ఎరుపు కనబడితే, అది మొండితనం కాదు, మూత్రంలో రోగం కావచ్చు. మనిషిని చూడగానే చెవులు వాల్చి కాస్త పోస్తే అది బెరుకు. అరవకుండా, మీద వంగకుండా, కింద కూర్చుని పలకరిస్తే మెల్లగా తగ్గుతుంది. రోగమేదీ లేని పిల్ల చాలావరకు నాలుగు నుంచి ఆరు నెలల వయసుకు కుదురుకుంటుంది. కొన్నిటికి ఏడాది పడుతుంది.

మా అమ్మాయి సంగతి అడుగుతారేమో. ఆ సాయంత్రం వాళ్ళ తాత గోనెసంచికి గోడకు మేకు కొట్టి తగిలించాడు. తట్ట గడప పక్కన పెట్టారు. తెల్లవారుజామున నీళ్ళకు లేచే తల్లే మొదటిసారి బయటికి తీసుకుపోతున్నది. మొదటి వారం రోజుకు రెండుసార్లు లోపల పోసింది. మూడో వారంలో నాలుగు రోజులు పొడిగా గడిచాయి, ఐదో రోజు మళ్ళీ మంచం కింద. "టీచర్, అమ్మ ఏమనలే, గుడ్డ తీస్కొచ్చి తుడిచింది" అని చెప్పింది, పుస్తకం తెరుస్తూ.

సెలవు.